నీటిబండ కింద పైపు

97వ సంవత్సరం, రోజు 203

ఈ పూట తిండికి పాచి పెంచే తొట్టెలు కడిగే వంతు నాది. మోచేతుల దాకా పచ్చగా ఉన్నప్పుడు పట్టణ మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. సిలోయం పట్టణ పురావస్తు శాఖకు రాసిన ఉత్తర్వు. ఆ శాఖ అంటే నేనే. తవ్వకాల అధికారి మేడిశెట్టి కెజియా, గుమాస్తా మేడిశెట్టి కెజియా, గది ఊడ్చేది కూడా ఆవిడే. కుజుడి మీద మనుషులు దిగి తొంభై ఏడేళ్లే కాబట్టి, నా దగ్గరున్న పురావస్తువుల్లో సగానికి ఇంకా వారంటీ కాగితాలున్నాయి. పని తక్కువ. అందుకే తొట్టెలు.

ఉత్తర్వు ఇది: "నీటిబండ గుహలో జరిగినట్లు చెప్పబడుచున్న అద్భుతము వాస్తవమా కాదా అన్నది ముప్పది దినములలో తవ్వి తేల్చవలెను."

రెండుసార్లు చదివాను. నీటిబండ గుహ మా చర్చి. నేను అందులో పాటల బృందంలో రెండో వరసలో నిలబడతాను.

సిలోయంలో పుట్టిన ప్రతివాళ్లకీ ఆ కథ తెలుసు. స్థాపన జరిగిన రెండో ఏడు మంచు తవ్వే యంత్రం విరిగిపోయింది. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా పంచుకున్నా మూడు వారాలకు మించి రావు. సహాయ నౌక రావడానికి రెండు నెలలు. శిబిరంలో వంట చేసే రాహేలమ్మ గుహలోని బండ ముందు కూర్చుని పంతొమ్మిది రోజులు ప్రార్థన చేసింది. ఇరవయ్యో రోజు బండ కింద నుంచి నీళ్లొచ్చాయి. నలభై రోజులు, నౌక వచ్చేదాకా పారి, ఆగిపోయాయి. ఆ గుహలోనే చర్చి వెలిసింది.

ఇప్పుడు ఊరు నాలుగు వేల మంది అయింది. స్నానం పది రోజులకోసారి. మండలికి నాలుగో నీళ్ల ట్యాంకు కట్టుకోవడానికి ఆ గుహ కావాలి. చరిత్ర రుజువైన స్థలాన్ని ముట్టుకోకూడదన్నది చట్టం. రుజువు కాకపోతే ముట్టుకోవచ్చు.

నేను ఆ చర్చి సభ్యురాలిని కాబట్టి ఈ పని వేరే అధికారికి అప్పగించమని రాశాను. వేరే అధికారి లేరని గంటలో జవాబొచ్చింది.

రోజు 205

తవ్వకం మొదలు. తవ్వే యంత్రం పేరు కాగితాల్లో ఏదో పొడుగ్గా ఉంది, నేను పందికొక్కు అంటాను. దాన్ని గుహలోకి దించేసరికి అక్కడ ముగ్గురు నా కోసం ఎదురు చూస్తున్నారు.

ఒబద్యా అయ్యగారు మా పాస్టరు. ఇరవై రెండేళ్లుగా ఆ బండ మీద చెయ్యి ఆనించి బాప్తిస్మాలిస్తున్నారు. ఆయన ప్రార్థన చేసి తవ్వకం ప్రారంభిస్తానన్నారు. గెలీలియో మాస్టారు హేతువాద సంఘం అధ్యక్షుడు. బడిలో నాకు భౌతికశాస్త్రం చెప్పారు, నాకు ఇప్పటికీ మార్కులు వేస్తారు. ప్రభుత్వ యంత్రానికి ప్రార్థన చేయడం చట్టవిరుద్ధం అన్నారాయన. మూడో మనిషి సలోమి మామ్మ. రాహేలమ్మ మనవరాలు, ఎనభై ఒక్కేళ్లు. గుహ తాళం ఆవిడ కొంగుకే ఉంటుంది. కుర్చీ వేసుకుని, ఒళ్లో పాచి అట్ల డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"గలిలయ బాబూ, నువ్వూ తిను," అంది మామ్మ.

"గలిలయ కాదండీ, గెలీలియో. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను."

"అదేలే. ప్రభువు తిరిగిన సీమ పేరు పెట్టుకున్నావు, మంచి పిల్లాడివి."

మాస్టారు అట్టు తిన్నారు. అయ్యగారు ప్రార్థన మనసులోనే చేసుకున్నారు. పందికొక్కు మొదలెట్టింది.

రోజు 208

మీటరు లోతున పైపు దొరికింది.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ సమయానికి గుహలో నేనొక్కదాన్నే ఉన్నాను. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ నా నుదురు ఆ బండకే ఆనించేది. పైపు చూడగానే దాని మీద మట్టి కప్పేశాను. కప్పి, దాని మీదే కూర్చున్నాను. గంట తర్వాత గుర్తొచ్చింది, పందికొక్కు దొరికినదాన్ని దొరికినట్టు ఫొటో తీసి ఊళ్లోని అన్ని తెరలకీ పంపేస్తుందని. బయటికి వచ్చేసరికి హేతువాద సంఘం పదకొండు మందీ చప్పట్లు కొడుతున్నారు.

"శాస్త్రం మాట్లాడింది," అన్నారు మాస్టారు.

"శాస్త్రం మనుషులు చేసేదండీ. మనుషులు పొరబడతారు," అన్నారు అయ్యగారు.

రోజు 210

పైపు మొత్తం బయటికి తీశాం. పొడవు పదకొండు మీటర్లు. ఒక కొన బండ దగ్గర, రెండో కొన మురుగు గుంటలో. పైన తయారీ ముద్ర ఉంది, 22వ సంవత్సరం. అంటే అద్భుతం జరిగిన ఇరవై ఏళ్లకు ఎవరో బాప్తిస్మపు తొట్టి నీళ్లు పోవడానికి వేసుకున్న పైపు. కథకూ దీనికీ సంబంధం లేదు.

చర్చిలో గంట కొట్టారు. గాలి పొదుపు కోసం పాటకు మూడు చరణాలే పాడాలని రూలున్నా ఐదు పాడారు.

"చూశారా, శాస్త్రమే సాక్ష్యం చెప్పింది!" అన్నారు అయ్యగారు.

"ముద్రల్దేముందండీ, ఎవడైనా కొట్టుకోవచ్చు. శాస్త్రమూ పొరబడుతుంది," అన్నారు మాస్టారు. రెండు రోజుల కిందట ఈ మాట ఎవరన్నారో ఆయనకు గుర్తున్నట్టు లేదు. నేను గుర్తు చేయలేదు. మార్కులు తగ్గిస్తారు.

రోజు 213

రెండు మీటర్ల లోతున ఇంకో పైపు. ఎర్రది, సన్నటిది, చుట్టూ వేడి తీగ చుట్టి ఉంది. ముద్ర ఒకటో సంవత్సరానిది. పక్కనే రెండో శిబిరం గుర్తు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, గంటా కొట్టలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. రెండో శిబిరం అంటే గట్టుకు అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో ఉండేది. వేరే కంపెనీవాళ్లది. ఆ రోజుల్లో రెండు కంపెనీలకీ మాటల్లేవు. ఆ శిబిరం ఖాళీ అయ్యి ఎనభై ఏళ్లు. పైపు గుహ వెనక గోడలోంచి బయటికి, సరిగ్గా అటువైపే పోతోంది.

"రేపు పైపు వెంట వెళ్తాను," అన్నాను.

"నేనూ వస్తాను," అన్నారు ఇద్దరూ ఒకేసారి, తర్వాత ఒకరినొకరు చూసుకుని మొహాలు తిప్పుకున్నారు.

రోజు 214

బండిలో ముగ్గురం. నేను నడుపుతున్నాను, వెనక వాళ్లిద్దరూ. మూడు కిలోమీటర్లకు గంట పట్టింది, ఎందుకంటే పందికొక్కు ముందు నడుస్తూ ప్రతి పది మీటర్లకూ ఆగి వాసన చూస్తుంది.

"అయ్యగారూ, ఈ పైపు అక్కడి ట్యాంకుకే తగిలితే మీరు ఒప్పుకుంటారా?"

"మొన్న ముద్ర చూసి మీరు ఒప్పుకున్నారా మాస్టారూ? భూమ్మీద యెరూషలేము చుట్టూ కొన్ని వందల ఏళ్లుగా తవ్వుతున్నారు. ఒక రాతి మీద పేరు కనిపిస్తే ఇదిగో రుజువని మేమంటాం. ఒక ఎముకల పెట్టె దొరికితే ఇవి మీ ప్రభువువే, మీ మతం అయిపోయిందని మీరంటారు. ఏమైనా అయిపోయిందా?"

"అయిపోలేదు. రుజువూ కాలేదు."

"ప్రభువు లేచి వెళ్లిన ఖాళీ సమాధిలో మీకేం దొరకాలండీ?"

"ఖాళీగా ఉండటమే రుజువైతే మా సంఘం హాలు కూడా పుణ్యక్షేత్రమే. ఆరేళ్లుగా ఖాళీగానే ఉంది."

అయ్యగారు నవ్వారు. కాసేపటికి గొంతు తగ్గించి నాతో అన్నారు. "అమ్మా కెజియా, రెండు వేల ఏళ్ల కిందటి సంగతైతే నాకు భయం లేదు. తవ్వేవాళ్లు మనకు చుట్టాలు కాదు, చాలా దూరం. ఇది మన ఇంటి పెరట్లో సంగతి. ఆ కొన నీళ్ల ట్యాంకుకి తగిలితే ఆదివారం నేనేం చెప్పాలి?"

నాకు తెలియదని చెప్పాను.

పైపు రెండో శిబిరం పంపు గదిలోకి పోయింది. ట్యాంకుకే తగిలింది. తాగే నీళ్ల ట్యాంకుకి కాదు, స్నానాల ట్యాంకుకి. దాని పక్కన గోడలో చిన్న ఇనప పెట్టె. తెరిస్తే అందులో ఒక మరమ్మతు పుస్తకం. ప్లాస్టిక్ కాగితం కాబట్టి చెక్కు చెదరలేదు. మొదటి పేజీలో పేరు: గొర్లె పోలినాయుడు, ప్లంబరు, రెండో శిబిరం.

నేలమీదే కూర్చుని పైకి చదివాను. అతను రాసినట్టే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"రోజు 31. వడపోత మార్చినాను. నిద్దర పట్టనేదు. ఒకటో శిబిరం ముసిలమ్మెవరో నిన్నటి నుంచి నా రేడియోలో ప్రార్థన సేస్తంది. మైకు కట్టేడం మర్సిపోనాదో ఏటో."

"రోజు 34. ఇయాల కూడా నాలుగ్గంటలు. నీళ్లు, నీళ్లు, నీళ్లు. దేముడు ఇంటన్నాడో నేదో గానీ నాను ఇంటన్నాను."

"రోజు 36. ఆపీసరుకి సెప్పినాను. అవతల కంపెనీవోళ్లతో మాటాడితే ఉజ్జోగం ఊడుద్దన్నాడు. మాటాడొద్దన్నాడు గానీ పైపెయ్యొద్దన్నేదు."

"రోజు 38. పైపేస్తన్నాను."

"రోజు 49. గుహ ఎనక నుంచి బండ కిందకి తెచ్చినాను. మావోళ్ల స్నానాల నీళ్లు ఆపీసి అటు తిప్పినాను. అడిగితే వడపోత సెడిపోనాదని సెప్పాల. ఇకనైనా ఆయమ్మ నోరు మూస్తాది, నాను పడుకుంతాను."

"రోజు 50. మూయనేదు. ఇప్పుడు నీళ్లిచ్చినోడి కోసం ప్రార్థన సేస్తంది. నాలుగ్గంటలు పోయి ఆరయినాది."

తర్వాత పేజీలన్నీ మావోళ్లు కంపు కొడుతున్నారు, ఇంకా కంపు కొడుతున్నారు, ఆపీసరు అత్తరు తెప్పించుకున్నాడు అనే రాతలే. చివరి కాగితాలు రెండు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆఫీసుకు తీసుకెళ్లి ఆవిరి పట్టి మెల్లగా విడదీయాలి. నెల పడుతుంది.

తలెత్తి చూశాను. ఒబద్యా అయ్యగారు నవ్వుతున్నారు. నవ్వుతూనే శ్వాసతొడుగు లోపల కళ్లు తుడుచుకోవాలని చూస్తున్నారు, చెయ్యి అద్దానికి తగులుతోంది.

"ప్లంబరు!" అన్నారు గెలీలియో మాస్టారు. "దేవుడు కాదు, ప్లంబరు!"

"అవునండీ, ప్లంబరే. ఎవరు పిలిస్తే వచ్చాడు?"

"పిలిస్తే రాలేదు, నిద్రపట్టక వచ్చాడు!"

"ఎవరివల్ల పట్టలేదు?"

తిరుగు ప్రయాణం నలభై నిమిషాలు. వాళ్లు ఇదే మాట్లాడుకున్నారు.

రోజు 216

సలోమి మామ్మకు చెప్పడం ఎలా అని రెండు రోజులు ఆగాను. చివరికి పుస్తకం పట్టుకెళ్లి అంతా చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని విన్నది.

"అందుకేనన్నమాట సబ్బు వాసన."

"ఏ సబ్బు మామ్మా?"

"ఆ నీళ్లు సబ్బు వాసనా రబ్బరు వాసనా వేసేవని మా మామ్మ చెప్పేది. ఎవరో పైపు వేసి పంపుతున్నారు, వాళ్లెవరో తెలీదు, వాళ్లని ప్రభువు చల్లగా చూడాలి అని రోజూ అనుకునేది."

నేను పుస్తకం మూశాను. "ఆవిడకు పైపని తెలుసా?"

"తెలీకేం. పరలోకం నుంచొచ్చే నీళ్లకి సబ్బెందుకమ్మా?"

"మరి బండలోంచి పుట్టాయని..."

"అది నెహెమ్యా అయ్యగారు. మూడో పాస్టరు. మంచి గొంతు ఆయనది. పాట రాస్తూ మా మామ్మ దగ్గరకొచ్చి, పైపు అనే మాట రాగంలో ఇమడటం లేదమ్మా, బండ అంటాను, గుండెతో ప్రాస కుదురుతుంది అన్నాడట. సరే నాయనా అందట. తర్వాత పాటే మిగిలింది."

"మీరు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు? అందరూ బండ గురించే అడిగారు."

పురావస్తు శాఖ పది రోజులు రెండు మీటర్లు తవ్వి తెలుసుకున్నది కుర్చీలో కూర్చుని అట్లు పంచిన మనిషికి ముందే తెలుసు. ఇది నివేదికలో ఎలా రాయాలో ఆలోచిస్తున్నాను.

రోజు 218, ఆదివారం

అయ్యగారు రాత్రంతా నిద్రపోయినట్టు లేరు. బండ మీద చెయ్యి పెట్టలేదు. దాని పక్కన నిలబడి పోలినాయుడి పుస్తకం మొదటి నుంచి చదివారు. కంపు కొట్టిన పేజీలు కూడా వదల్లేదు.

ఎవరో ఏడ్చారు. ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మూడో వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. "అయితే మా తాతకి కళ్ల జబ్బు తగ్గింది స్నానాల నీళ్లతోనా?"

"స్నానాల నీళ్లతోనే అన్నయ్యా. నలభై రోజులు స్నానం మానుకున్నవాళ్ల నీళ్లతో."

"మానుకోలేదు కదా, ఆయన మాన్పించాడు!"

"అవును," అన్నారు అయ్యగారు. "అది కూడా నిజమే."

ఏడు కుటుంబాలు మధ్యలో లేచి వెళ్లిపోయాయి. అందులో మా అత్తయ్య కుటుంబం ఒకటి. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు. కూర మాత్రం పంపింది, ఉప్పు లేకుండా.

నాకేమనిపించిందో రాయాలి. చిన్నప్పుడు ఆనించిన నుదురు గుర్తొచ్చి బాధ కలిగింది. ఆ బండ ఇప్పుడు బండే. కానీ పాట మొదలయ్యాక గొంతు ఆగలేదు. నా గొంతు ఎవరికి వినిపిస్తోందో అని మొదటిసారి అనుకున్నాను.

రోజు 228

నివేదిక ఇచ్చాను. ఆఖరి పేరా ఇది: "నీళ్లు రెండో శిబిరపు స్నానాల ట్యాంకు నుంచి వచ్చినవి. తెచ్చినది గొర్లె పోలినాయుడు. అడిగినది రాహేలమ్మ. ఆమె అడిగిన చోటు నుంచి అతను విన్న చోటికి మధ్య పైపు, రేడియో తప్ప ఇంకేమైనా ఉన్నదా అన్నది ఈ శాఖ తవ్వగల లోతులో లేదు."

గెలీలియో మాస్టారు ఎర్ర కలంతో దిద్ది పదికి ఎనిమిది వేశారు. ఆఖరి వాక్యానికి రెండు కోసేశారు.

రోజు 231

మండలి విచారణ. అధ్యక్షురాలు ముందు హేతువాద సంఘాన్ని మాట్లాడమంది. ఆ గుహ కూల్చి ట్యాంకు కట్టండి అని మాస్టారు అంటారని అందరం అనుకున్నాం. ఇన్నేళ్లుగా ఆయన అడుగుతున్నది అదే.

"గుహను ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నారు మాస్టారు. "ఈ గ్రహం మీద రెండు శిబిరాలను కలిపిన మొదటి నిర్మాణం ఆ పైపు. ఒక్క మనిషి, పదకొండు రోజుల్లో, పై అధికారికి తెలియకుండా వేశాడు. అది మానవుడి స్మారకం. అక్కడ వాళ్లు పాడుకుంటే పాడుకోనివ్వండి, స్మారకం మాత్రం ఉండాలి."

అధ్యక్షురాలు ఒబద్యా అయ్యగారి వైపు తిరిగింది. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"గుహ తీసుకోండమ్మా."

మండలి గుమాస్తా రాయడం ఆపాడు. అయ్యగారు ఆపలేదు.

"ఊళ్లో జనం పది రోజులకోసారి స్నానం చేస్తున్నారు. మేము మాత్రం నీళ్లు వచ్చిన చోటు మాది అని గేటుకి తాళం వేసుకుని కూర్చున్నాం. ఆ పుస్తకం చదివాక అక్కడ కూర్చోవడానికి సిగ్గేస్తోంది. ట్యాంకు కట్టుకోండి. మాకు రెండో శిబిరం పంపు గది ఇప్పించండి. నీళ్లు ఇచ్చినవాడి గది అది."

"ఆయన మీ మతం కాదు!" అన్నారు మాస్టారు.

"కాదు. మీ సంఘం కూడా కాదు. చందా కట్టలేదు."

"మీరిద్దరూ ఒకసారి బయట మాట్లాడుకుని రండి," అంది అధ్యక్షురాలు తల పట్టుకుని. "ఎవరు ఏ పక్షమో రాసుకోవడానికి గుమాస్తాకి వీలు కావడం లేదు."

మాట్లాడుకుని వచ్చారు. గుహలో ట్యాంకు కడతారు. ఎర్ర పైపులో రెండు మీటర్ల ముక్క అద్దం వెనక ఉంచుతారు. పంపు గది చర్చికి. దాని గోడల్లో గాలి కారే చోట్లు హేతువాద సంఘం పూడ్చి ఇస్తుంది, ఎందుకంటే ఊళ్లో ఆ పని వచ్చినవాళ్లు వాళ్లే.

రోజు 253, ఆదివారం

పంపు గదిలో మొదటి ఆరాధన. నలభై మంది పట్టే గదిలో అరవై మందిమి. వెళ్లిపోయిన ఏడు కుటుంబాల్లో నాలుగు వచ్చాయి. మా అత్తయ్య తలుపు దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. గెలీలియో మాస్టారు గాలి మీటరు పట్టుకుని మూల నిలబడ్డారు. ఆరాధనకు రాలేదట, అతుకులు ఎలా ఉన్నాయో చూడ్డానికి వచ్చారట.

అంటుకున్న పేజీలు నిన్నటికి విడిపోయాయి. అయ్యగారు నన్నే చదవమన్నారు.

"రోజు 71. ఇయాల రేడియోలో ఏటీ ఇనపడనేదు. హాయిగా పడుకుందామనుకున్నాను. పట్టనేదు."

"రోజు 72. ఇయాలా నేదు. నీళ్లు ఎల్తన్నాయి. మనిసికేటయినాదో. రేపు ఎల్లి సూసొస్తాను. ఆపీసరుకి సెప్పను."

అంతే. తర్వాత పేజీ లేదు.

"వెళ్లాడా?" అని అడిగింది ఎవరో కాదు, గెలీలియో మాస్టారు.

నాకు తెలియదని చెప్పబోతున్నాను. ముందు వరసలోంచి సలోమి మామ్మ గొంతు వినిపించింది.

"ఓహో, ఆయనేనా!"

అందరం అటు తిరిగాం.

"మా మామ్మ చెప్పేది. ఓ రోజు ఎవరో పొడుగాటి మనిషి వచ్చి గుహ తలుపు కొట్టాడట. తీస్తే, బతికే ఉన్నావా అని అడిగాడట. నేను బతికే ఉన్నాను నాయనా, నా మైకే చచ్చిపోయింది అందట. పేరు అడిగితే చెప్పలేదు. టీ ఇస్తే తాగలేదు. నేల మీద కూర్చుని, ఒకటే సణుక్కుంటూ, ఆ మైకు విప్పి బాగుచేసి ఇచ్చి వెళ్లిపోయాడట." మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చాలా బాగా చేశాడే, నేను పోయేదాకా ఇది పాడవదు అనేది. పాడవలేదు కూడాను."

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. మూల నుంచి మాస్టారు గాలి మీటరు జేబులో పెట్టుకుని వచ్చి, బల్ల మీద చోటు లేక, నేల మీద కూర్చున్నారు.